నీళ్ళలో పోవలసిన గీత

మే 28, ఆదివారం

నువ్వు దొంగవి. పేరు తెలియదు కాబట్టి ఇంతకంటే మర్యాదగా పిలవలేను. ఈ నోటుబుక్కుని కుంచెల సొరుగు అడుగున, పాత నమూనా కాగితాల కింద పెట్టాను. అక్కడిదాకా చెయ్యి పోనిచ్చావంటే, ఒకరు చేసినదాన్ని అడక్కుండా తీసుకోవడం నీకు బాగా అలవాటన్నమాట. సిగ్గుపడకు. క్యోటో ఊరంతా అలాగే బతుకుతోంది. ఎప్పుడో ఒక పెళ్ళికి పట్టు కిమోనో కట్టుకుని వెళ్ళే ఉంటావు. ఎంత బాగుందో, ఎవరు చేశారని అడిగితే షాపు పేరు చెప్పి ఉంటావు. షాపు చేసిందా? షాపుకి చేతులున్నాయా?

ఒక కిమోనో పదిహేడు చేతులు దాటి వస్తుంది. బొమ్మ గీసేది నేను. ఆ గీత మీద దారంలా సన్నగా జిగురు పోసి, మధ్యలో రంగులు నింపేది ఇంకొకరు. ఆవిరి పట్టి కడిగేది ఇంకొకరు. బంగారం అతికేవాళ్ళు, దారం కుట్టేవాళ్ళు, చివరికి మరకలు తీసేవాడు కూడా వేరే. ఈ పదిహేడు మందిలో ఒక్కరి పేరూ బట్ట మీద ఉండదు. బట్టని చేతి నుంచి చేతికి తిప్పే షాపువాడి ముద్ర ఉంటుంది. ఆరేళ్ళుగా మా చేతిపనివాళ్ళ సంఘం పత్రికకి సంపాదకురాలిగా నేను రాస్తున్నది ఇదే. పదిహేడు పేర్లూ ఉండాలి అని.

ఈరోజు తెలిసిన సంగతి: శరత్కాలంలో జరిగే ప్రదర్శనకి తోరియుమి షాపు తరఫున ఒక కిమోనో వెళుతుంది. కింద కార్డు మీద ఒక పేరుంటుంది. ఆ పేరు ఫుసాకోది.

ఫుసాకోది జిగురు, రంగు. గీత నాది. ఇద్దరం ఒకే గురువుగారి దగ్గర పని నేర్చుకున్నాం. నేను చేరిన ఆరేళ్ళకి తను చేరింది. బియ్యం కడగడం దగ్గర్నుంచి నేనే నేర్పాను.

మా ఆయన తెయిజి విని, "మంచిదేగా. మీ సంఘం అడిగేది పదిహేడు పేర్లు. ఒకటి వచ్చింది. ఇక పదహారు" అన్నాడు. ఇరవయ్యేడేళ్ళు ట్రాము నడిపినవాడికి ఏ సంగతి చెప్పినా మిగిలిన స్టేషన్లు లెక్కపెట్టడమే తెలుసు.

ఇది అసూయ కాదు. రాసి పెడుతున్నాను. ఇది సిద్ధాంతం.


మే 30

తోరియుమి షాపుకి వెళ్ళాను. తోరియుమి తేనీరు పోసి, చాపను నా వైపు జరిపి, చాలా మర్యాదగా కూర్చున్నాడు. ఈ ఊళ్ళో షాపువాళ్ళు మర్యాద ఎక్కువ చేశారంటే మనిషి జాగ్రత్తపడాలి.

"ఇకుయో గారూ, సంఘం పత్రికలో మీ వ్యాసాలంటే మా ఆవిడకి ప్రాణమండి" అన్నాడు. "ఆ కాగితంలో చుడితే వంకాయలు నాలుగు రోజులు వాడవట."

"కార్డు మీద రెండు పేర్లు పట్టవా?" అని అడిగాను.

"ఎందుకు పట్టవండీ. చిన్న అక్షరాలతో రాస్తే పది పేర్లు పడతాయి. కానీ ఒక్కటి చెప్పండి. ఫుసాకో గారి రంగు చూసేవాళ్ళ కళ్ళ ముందుంటుంది. మీ గీతో? మొదటి నీళ్ళు తగలగానే పోతుంది. పోవాలి కూడా. పోకుండా ఉండిపోతే దాన్ని మీ పని అనం, మరక అంటాం. లేనిదాని పేరు కార్డు మీద ఎలా రాయమంటారు?"

నోరున్నదాన్నే. సభల్లో షాపుల యజమానులని నిలబెట్టి కడిగినదాన్నే. అప్పుడు మాత్రం తేనీరు తాగేసి లేచి వచ్చాను.

దారిలో పది జవాబులు తట్టాయి. పదీ మంచివే.


జూన్ 3

పట్టు వచ్చింది. తెల్లగా, బరువుగా, వేళ్ళ మీద వెన్నలా జారుతోంది. కిమోనో ఆకారానికి లూజుగా కుట్టి పంపారు. అతుకుల మీదుగా బొమ్మ తెగకుండా గీయాలి కదా.

బొమ్మ నేనే ఎంచుకున్నాను. సముద్రపు ఒడ్డున గుంజలకి ఆరేసిన చేపల వలలు. ముందు వైపు రెండు, వెనక అంచు మీద మూడు. పాత నమూనానే. కానీ ఈ వలలో ఎన్ని కళ్ళుంటాయో, ప్రతి కన్నూ గాలికి ఎటు వంగుతుందో తెలిసి గీసేవాళ్ళు ఊళ్ళో ఇప్పుడు ముగ్గురున్నారు. అందులో ఇద్దరికి చెయ్యి వణుకుతుంది.

నీలిపువ్వు రసం పట్టించిన కాగితం ముక్క చింపి నీటి చుక్కలో నానేశాను. పొద్దున్న పూసి మధ్యాహ్నానికి ముడుచుకుపోయే పువ్వు అది. రసం ఆకాశం రంగులో ఉంటుంది. దాంతో గీసిన గీత నీళ్ళు తగిలితే జాడ లేకుండా పోతుంది. అందుకే వాడతాం. దాంతో భయం ఒక్క సెగ దగ్గరే. సెగ తగిలిన నీలం పట్టుని వదలదు. గురువుగారి ఇంట్లో మొదటి రోజు, చెప్పులు ఎక్కడ విడవాలో చెప్పాక, రెండో మాట అదే: నీలం ఉన్న బట్టని నిప్పు దగ్గరికి తీసుకెళ్ళకు.

సాయంత్రం ఫుసాకో వచ్చింది. ఎర్రచిక్కుళ్ళ మిఠాయి తెచ్చింది.

"అక్కా, చూడొచ్చా?"

"చూడు. డబ్బులేం తీసుకోను."

మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక పెట్టుకుని చూసింది. బట్ట మీద ఊపిరి పడకుండా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఇదీ నేను నేర్పిందే.

"ఈ మూలన వల కాస్త బరువుగా వేలాడుతోందే. తడిసుందా?"

"తడిసుంది. పక్కది ఆరిపోయింది."

"అమ్మో. ఇప్పుడు నేను రంగుల్లో తడినీ పొడినీ చూపించాలన్నమాట. నన్ను చంపడానికే గీస్తావు నువ్వు." నవ్వింది. ఫుసాకో నవ్వితే రెండు వీధుల అవతల తలుపులు తెరుచుకుంటాయి.

కార్డు మాట తను ఎత్తలేదు. నేనెందుకు ఎత్తాలి?


జూన్ 5

పేపర్లో ఫుసాకో ఫోటో వచ్చింది. ప్రదర్శనకి ఎంపికైన మహిళ అని. ఒడిలో చేతులు. గోళ్ళ చుట్టూ రంగు మరకలు. కడుక్కుని వస్తానంటే ఫోటో తీసేవాడు వద్దన్నాడట.

నా చేతులకి మరకలుండవు.


జూన్ 9

ముందు వలలు రెండూ పూర్తయ్యాయి. మంచి గీత. అబద్ధం ఎందుకు, చాలా మంచి గీత.

గురువుగారు పోయేముందు ఏడాది కొత్త సంవత్సరం విందులో, అందరి ముందూ అన్నారు: "ఇకుయో గీతలో తప్పు పట్టలేం. ఫుసాకో రంగు చూస్తే ఎందుకో మా ఊరు గుర్తొస్తుంది." పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. తప్పు పట్టలేం అనడం పొగడ్తేనా? ఇన్‌కమ్ టాక్సు కాగితంలో కూడా తప్పు పట్టలేం.

తనకి ఊరు గుర్తొచ్చే రంగు. నాకు తప్పు లేని గీత. ఆ రంగు దేని మీద నిలబడింది? నా గీత మీద. నేను వంకర గీస్తే ఆయనకి ఏ ఊరు గుర్తొచ్చేది?

ఇది అసూయ కాదు. శ్రమని శ్రమగా గుర్తించమనడం.


జూన్ 12

వర్షాలు మొదలై మూడు రోజులైంది. గోడలు చెమర్చాయి. వెనక అంచు మూడు వలలూ ఈ మధ్యాహ్నం పూర్తిచేశాను. పట్టు చెమ్మగా అనిపించింది. చెమ్మ పట్టిన బట్ట మీద గీత పాకుతుంది. పాకితే తిడతారు. అందుకని కుంపటి రాజేసి కొంచెం సెగ చూపించాను. వెనక అంచుకి మాత్రమే. దూరంగానే పట్టుకున్నాను. చెయ్యి కాలలేదు, అంటే అంత వేడి లేనట్టే.

మా ఆయన మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, "జూన్‌లో కుంపటేమిటే? నన్ను వేయించుకు తిందామనా?" అన్నాడు.

"చెమ్మ" అన్నాను.


జూన్ 13

చెమ్మ వల్లే.


జూన్ 14

కుట్లు విప్పి, చుట్టి, ఫుసాకోకి ఇచ్చి వచ్చాను. రెండు చేతులతో అందుకుని, తలకి తాకించుకుంది. "అక్కా, ఇది పాడుచేస్తే నేను కామో నదిలో దూకేస్తా" అంది. "మోకాళ్ళ లోతు నీళ్ళు. ఇంకేదైనా చూసుకో" అన్నాను. వాళ్ళాయన వంటింట్లోంచి నవ్వాడు.

ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి, నా గీత తన దగ్గరికి నేను చెప్పినట్టు వెళ్ళిందని అనిపించింది. ఇలా ఎందుకు రాశానో తెలియదు. కొట్టెయ్యను. డైరీలో కొట్టివేతలు పిరికివాళ్ళ పని.


జూన్ 25

పొద్దున్నే ఫుసాకో వచ్చింది. గొడుగు కూడా ముడవకుండా గుమ్మంలో నిలబడి మాట్లాడింది.

"అక్కా, జిగురంతా పోశాను. నిన్న మొదటి తడి పెట్టాను. ముందు వైపు నీలం శుభ్రంగా పోయింది. వెనక అంచులో మాత్రం జిగురు పక్కన సన్నగా నీడలా కనపడుతోంది. ఇంకోసారి తడిపాను. కదల్లేదు."

"ఎంత?"

"కొంచెమే. తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నాకేదో భయంగా ఉంది. మరకలు తీసే అతనికి ఒకసారి చూపించనా?"

అప్పుడు నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "వానాకాలం కదా, రసం చిక్కగా కలిపాను. ఆవిరి అయ్యాక ఎలాగూ కడుగుతారు. ఆ కడుగులో పోతుంది. అప్పుడే మరకలవాడి చేతిలో పెడితే నీ జిగురు చెదురుతుంది."

"నిజంగా పోతుందా?"

"ఎన్ని గీశాను ఫుసాకో, ఏదైనా పోకుండా ఉందా?"

తన ముఖం తేటపడింది. "నువ్వన్నావంటే ఇంకేముంది" అని వెళ్ళిపోయింది. గుమ్మంలో గొడుగు నీళ్ళు మడుగు కట్టాయి. తుడిచాను.


జూన్ 26

జిగురు చెదిరే మాట అబద్ధం కాదు. చెదరొచ్చు.


జూలై 2

ఫుసాకో ఇంటికి వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండు.

బట్టని వెదురు బద్దలతో బిగదీసి నేలకి అడుగు ఎత్తున కట్టింది. కింద చిన్న పొయ్యి. కుంచెతో రంగు వేస్తూ, వెంటనే కింద ఆరబెడుతూ, పాకుతూ వెళుతోంది. పొద్దుగుంకాక ఒడ్డున ఇసుక ఏ రంగులో ఉంటుందో ఆ రంగు. బూడిదా కాదు, ఎరుపూ కాదు. ఆరిన వల కళ్ళలోంచి ఆ వెలుగు కనపడుతోంది. తడి వల కింద ఇసుక ఒక వాసి ముదురుగా ఉంది, నీళ్ళు కారి ఇంకినట్టు. నేను అది గీయలేదు. నేను తడి వల గీశానంతే. కింద ఇసుక తడుస్తుందని నాకు తట్టలేదు.

తనకి తట్టింది.

అసూయ కాదని ఇక్కడ రాయడానికి కలం ఎత్తాను. రాయలేదు.

"ఏంటక్కా, బాలేదా?"

"ఇసుక బాగుంది" అన్నాను.

"నీ వల చూస్తే చుక్కలు పడుతున్నట్టే ఉంది. చుక్కలు పడితే కింద తడవాలి కదా. నేనేం చేశాను, నువ్వు చెప్పింది విన్నాను" అంది, బొటనవేలితో ముక్కు గోక్కుంటూ. ముక్కు మీద ఇసుక రంగు అంటింది.

అంత సులువుగా చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు.


జూలై 8

సంఘం పత్రిక ఇవ్వడానికి తోరియుమి షాపుకి వెళితే ఆయన కోపంగా ఉన్నాడు. నిజం కోపం. మర్యాద తగ్గిపోయింది.

"మీ చెల్లెలి వేషాలు చూశారా?" అని ప్రదర్శన ఫారం నా ముందు పడేశాడు. "పేరు రాయండమ్మా అని ఇస్తే ఇదీ ఆవిడ రాసింది. నేను ఆఖరి పేరు చదివేసరికి తేనీరు చల్లారింది. మీ సంఘం రోగం ఆవిడకీ అంటించారు."

ఫుసాకో చేతిరాత. రూపకర్త అన్న చోట తన పేరు లేదు. కింద వరసగా పదిహేడు పేర్లు. మొదటిది, గీత: కజిత ఇకుయో. రెండోది జిగురు, రంగు: తన పేరు. తరవాత ఆవిరి, కడుగు: నుకుయి. అలా చివరి కుట్టు వేసే ఆమె దాకా. పక్క మార్జిన్‌లో చిన్నగా: అన్నీ ఉంటేనే పంపుతాను, లేకపోతే వద్దు.

"నేనొప్పుకోనంటే నాలుగు రోజుల నుంచి ఇదే మాట. అక్కకి చెప్పొద్దు, ఖాయమయ్యాక నేనే చెబుతానంది. చెప్పేశాను. పోనీ" అన్నాడు తోరియుమి.

ఆరేళ్ళు రాశాను నేను. నా పత్రిక, నా వాక్యాలు, నా పదిహేడు పేర్లు. ఒక్క షాపూ కదల్లేదు. తను ఒక్క వ్యాసం రాయకుండా, ఒక్క సభలో నోరు విప్పకుండా, మార్జిన్‌లో ఒక ముక్క రాసి పడేసింది.

ఇంటికి వచ్చేటప్పుడు నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు. అది నా డిమాండు కదా, నాకంటే ముందు తనెందుకు చేసింది అని. దొంగా, ఇది చదువుతుంటే నువ్వు కాస్త ఆగు. ఇంతకంటే నీచమైన ఆలోచన నీకెప్పుడైనా వచ్చిందేమో చూసుకో.

సిగ్గు తరవాత వచ్చింది. వంతెన దగ్గర.

బట్ట పదకొండో తారీఖున నుకుయి గారి ఆవిరి పెట్టెలోకి వెళుతుంది. ఇప్పుడు చెప్పినా మరకలవాడు ఏదో ఒకటి చేయగలడు. ఆవిరి తగిలాక ఎవరూ ఏమీ చేయలేరు.


జూలై 9

చెప్పాలి.


జూలై 10

వాన. గొడుగు తీసుకుని బయలుదేరి, టోఫూ కొనుక్కుని వచ్చేశాను.


జూలై 11

వెళ్ళిపోయింది.


జూలై 15

తోరియుమి షాపులో బట్ట పరిచారు. నేను, ఫుసాకో, నుకుయి గారు, తోరియుమి.

ముందు వైపు చెప్పలేనంత బాగుంది. వెనక అంచు మీద మూడు వలలూ తెల్లటి దారాల్లా మెరవాలి. ప్రతి దారం మధ్యలోనూ మురికి నీలం చార. ఎక్కడ చూసినా కనపడుతోంది. నా గీత. నా చెయ్యి తప్పిన చోటు ఒక్కటీ లేదు.

మా వీధుల్లో ఆచారం ఒకటుంది. మచ్చ ఎవరి దగ్గర బయటపడితే తప్పు వాళ్ళది. అంతకు ముందు ఎన్ని చేతులు తాకినా వెనక్కి వెళ్ళి వెతకరు. వెతికితే వీధంతా ఒకరి మీద ఒకరు పడతారని పెద్దల భయం. ఆవిరి పట్టేదీ, కడిగేదీ నుకుయి గారే. బయటపడింది ఆయన దగ్గరే.

"తడి పెట్టినప్పుడే కొంచెం నీడ కనపడింది" అంది ఫుసాకో. "అక్కని అడిగాను. కడుగులో పోతుందంది."

ముగ్గురూ నా వైపు చూశారు.

"పోవాలి" అన్నాను. "నా చేతి మీద పోకుండా ఎప్పుడూ లేదు."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అలా అతికించి అన్నాను.

"ఇకుయో గారి గీత మీద ఎవరికీ అనుమానం లేదండి" అన్నాడు తోరియుమి. అందరి ముందు, ఆ షాపులో, నా గీత గురించి మొదటిసారి మంచి మాట. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. అదీ రాస్తున్నాను.

నుకుయి గారు రెండు అరచేతులూ చాప మీద పెట్టి నుదురు ఆనించారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి.

"నా ముక్కే పోయినట్టుంది" అన్నారు లేవకుండానే. "లోపల రంగు పండితే ఒక వాసనొస్తుందండి, కొత్త అన్నం కుతకుతలాడినట్టు. గడియారం చూడను నేను, ఆ వాసన చూసి దించుతాను. ఆ రోజూ వచ్చిందనుకున్నా. రాలేదేమో. ఎక్కువసేపు ఉంచేశానేమో. ముసలి ముక్కుని నమ్మి ఇంత పని పాడుచేశాను."

"అలా అనకండి బాబాయ్" అంది ఫుసాకో.

"కాదమ్మా. నా ముక్కు నాకే తెలియకపోతే ఇంక ఆవిరి దగ్గర నాకేం పని. ఈ నెలాఖరుకి పెట్టె ఆర్పేస్తాను."

తోరియుమి తల ఊపాడు. ప్రదర్శనకి వేరే ఎవరిదో పంపుతానన్నాడు. తిరిగి చేయడానికి టైముందా అని ఫుసాకో అడిగితే, ఉన్నా ఇప్పుడు ధైర్యం లేదన్నాడు.


జూలై 17

ఊళ్ళో పండగ ఊరేగింపు. వీధి చివర రథాల చక్రాల చప్పుడు వినపడుతోంది. ఇంట్లో కూర్చుని సంఘం పత్రికకి రాశాను. 'పనివాడి ముక్కు మీదికి నెట్టేసిన నష్టం'. షాపువాడు లాభం తీసుకుంటాడు, పొరపాటు మాత్రం చివరి చేతికి అంటగడతాడు, ఈ ఆచారం పనివాళ్ళని పనివాళ్ళతో కొట్టించడానికే పుట్టింది, నుకుయి గారిని వదిలిపెడితే రేపు మనమంతా. నాలుగు పేజీలు. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు.

మా ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"భలే రాశావు. చదివితే నాకే తోరియుమిని ట్రాము కింద తొయ్యాలనిపించింది. ఒక్కటే లేదు ఇందులో."

"ఏంటి?"

"ఆ నీలం ఎందుకు పోలేదో."

"అది విషయం కాదు. విషయం వ్యవస్థ."

"ఓహో" అన్నాడు. ఇంకేం అనలేదు. అన్నం పెట్టుకుని తిన్నాడు. తన గిన్నె తనే కడుక్కున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అది మూడోసారి.


జూలై 19

పత్రిక నిన్న పంచారు. పొద్దున నుకుయి గారు వచ్చారు. చేతిలో కాగితంలో చుట్టిన వంకాయలు, వాళ్ళ పెరట్లోవి. కాగితం మా పత్రిక కాదు. మా పత్రికని ఆయన మడిచి చొక్కా లోపల పెట్టుకున్నారు.

"నాకు చదువు తక్కువమ్మా. మా ఆవిడ పైకి చదివింది, రెండుసార్లు. ఇన్నేళ్ళలో నా గురించి అచ్చులో పడటం ఇదే మొదలు. అందరూ పోనీలే ముసలాడు అన్నారు. నువ్వొక్కదానివే నా పక్కన నిలబడ్డావు."

"కూర్చోండి బాబాయ్."

"లేదు, వెళ్ళాలి. ఒక్క మాట చెప్పి పోదామని. నువ్వు రాసినంత మంచి రాతకి నేను తగను. తప్పు నాదే. అది నువ్వు కప్పిపెట్టావు. అందుకే ఇంకా ఎక్కువ మొక్కుతున్నా." వంగారు. లేస్తూ ఒక్కసారి గాలి పీల్చారు, నవ్వారు. "మీ ఇంట్లో ఏదో చేప వేయిస్తున్నారు కదూ? చూడు, అదీ తెలియట్లేదు సరిగ్గా."

మేము చేప వేయించడం లేదు. పక్కింట్లో వేయిస్తున్నారు. ఆయనకి వాసన సరిగ్గానే వచ్చింది. ఇల్లే తప్పు. ఆ మాట కూడా చెప్పలేకపోయాను.

ఆ మనిషి నుంచి నేను తీసుకున్నదేమిటో ఇప్పుడు తెలిసింది. పేరు కాదు. ఆయన ముక్కు మీద ఆయనకున్న నమ్మకం.


జూలై 20

ఫుసాకోకి చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"వెనక అంచుని కుంపటి మీద పట్టుకున్నాను. తెలిసే. పట్టుకి చెమ్మ లేదు."

మొదట నమ్మలేదు. తరవాత వరసగా అడిగింది. ఏ రోజు? ఎంతసేపు? ఎంత ఎత్తులో? డాక్టరు అడిగినట్టు. అన్నిటికీ చెప్పాను. నాలుగు అంగుళాల ఎత్తులో, వల ఒక్కొక్కటీ వంద లెక్కపెట్టేదాకా.

"ఎందుకు?"

"నీ మీద అసూయ."

మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి నాకే వినపడింది. ఊహించినంత పెద్దగా లేదు. మామూలు మాట.

ఫుసాకో తన గోళ్ళు చూసుకుంది. "అసూయ సంగతి నాకర్థమవుతుంది. నాకూ నీ మీద ఉంది. నీ గీత దాటి ఒక్క వెంట్రుకవాసి రంగు పోనిచ్చే ధైర్యం నాకెప్పుడూ లేదు. అందుకు నిన్ను తిట్టుకున్న రోజులున్నాయి. బట్ట పోయింది, సరే, పోనీ. కానీ నేను గొడుగు పట్టుకుని నీ గుమ్మంలోకి వచ్చి అడిగానక్కా. నిజంగా పోతుందా అని. అప్పుడు నా ముఖంలోకి చూసి చెప్పావు చూడు. అది నేనేం చేసుకోవాలి?"

గుమ్మంలో విడిచిన నా చెప్పుల వైపు చూశాను.

"కోపం ఇంకా రాలేదు నాకు. వస్తుంది, రేపో ఎల్లుండో. వచ్చినప్పుడు నీ ముఖం చూడను. ఈలోగా చెప్పులేసుకో. నుకుయి బాబాయ్ దగ్గరికి పోదాం" అంది.


జూలై 21

నిన్నటి మిగతాది ఈరోజు రాస్తున్నాను.

ఆవిరి పెట్టె పక్కన గచ్చు మీద కూర్చుని నుకుయి గారు తొట్టి తోముతున్నారు. అమ్మేయడానికి. నేను చెప్పింది మొత్తం విన్నారు. తోమడం ఆపలేదు. అయిపోయాక చీపురు పక్కన పెట్టారు.

"అంటే ఆ రోజు వాసనొచ్చింది."

"వచ్చుంటుంది బాబాయ్."

"వచ్చుంటుంది కాదు. వచ్చింది. సరైన టైముకే దించాను." వాళ్ళావిడని కేకేశారు. "ఏమే, ఇటు రా. నా ముక్కు బాగానే ఉంది."

ఆవిడ వచ్చి, తడి చేతులు తుడుచుకుంటూ, నా వైపూ ఆయన వైపూ చూసింది. ఆయన ఏడుస్తున్నారు. నా గురించి ఆయనకి ఏ ఆలోచనా లేదు అప్పుడు. నేను అక్కడ లేనట్టే. తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టలేదు. ఆవిడ తిట్టింది. ఇక్కడ రాయను, కానీ ఒక్క మాటా అన్యాయం కాదు.

దొంగా, నిన్ను మొదట్లో తిట్టాను. వాపసు తీసుకోను, కానీ ఇంకోటి చెబుతున్నాను: నీ పక్కన నాకూ చోటుంది. ఈరోజు డైరీ ఇక్కడ ఆపుతున్నాను. కింద ఉన్నది శుభ్రమైన కాగితం మీద ఎత్తి రాసి, నా సంతకంతో, సంఘానికీ తోరియుమి షాపుకీ రేపు పొద్దున ఇస్తాను. దీని చిత్తు మా ఆయనకి చూపించాను. చదివి, "ఇందులో ఉంది" అన్నాడు.

డిమాండ్లు:

ఒకటి. వెనక అంచు మీది మచ్చ గీత గీసిన కజిత ఇకుయో కావాలని చేసింది. నుకుయి గారి మీద వేసిన తప్పుని, వేసిన చోటే, అదే నలుగురి ముందు, తోరియుమి నోటితో తీసెయ్యాలి.

రెండు. తోరియుమి షాపు ఆవిరి పని నుకుయి గారికే ఇవ్వాలి. ఎప్పుడు మానాలో ఆయన ముక్కు చెబుతుంది, షాపు చెప్పకూడదు.

మూడు. మచ్చ ఎవరి దగ్గర బయటపడితే వాళ్ళదే తప్పు అనే ఆచారం ఎత్తెయ్యాలి. మొదటి చేతి నుంచి వెతకాలి.

నాలుగు. నేను పత్రికలో రాసిన నాలుగు పేజీలు ఎంత పెద్ద అక్షరాలతో వేశారో, నా తప్పు అంతే పెద్ద అక్షరాలతో వెయ్యాలి. నన్ను సంపాదకత్వం నుంచి తీసెయ్యాలి.

ఐదు. ప్రదర్శనకి టైముంది. ఫుసాకోకి కొత్త పట్టు ఇవ్వాలి. గీత వేరేవాళ్ళతో వేయించాలి.

ఆరు. ఫుసాకో రాసిన ఫారం అలాగే పంపాలి. నా పేరు కొట్టేసి, కొత్తగా గీసినవాళ్ళ పేరు రాయాలి. మిగతా పదహారు పేర్లలో ఒక్కటి కూడా తగ్గకూడదు.

ఏడు. నన్ను క్షమించమని ఫుసాకోని ఎవరూ అడగకూడదు. నాతో సహా.